ధాత్రీశబ్దార్థవిచారము: రాధేయ కౌంతేయ వివాదము

భారతకథను బోధించునపుడు పాఠశాలలయందుఁ గర్ణునిగూర్చి యొక వాక్యము తఱచుగ వినఁబడుచుండును. కుంతికిఁ బుట్టియు సూతునింటఁ బెరుఁగుటచేతనే యాతఁడు చెడెనని యా వాక్యమునకు సారము. విద్యార్థుల వ్యాసములయందును, కథాసంగ్రహములయందును, కొన్ని విమర్శనములయందును నీ భావమే వేఱువేఱు మాటలతోఁ గానవచ్చును. ఇందుఁ బెంపకము దౌర్భాగ్యమునకుఁ బర్యాయముగాఁ గొనఁబడినది. కన్నతల్లి ముఖ్యమాత, పెంచినతల్లి గౌణమాత యను విభాగము దీనికి మూలము. ఈ విభాగము శబ్దశాస్త్రమునకు సమ్మతమగునా, వ్యాసాదుల హృదయమునకు సమ్మతమగునా, పసివారి స్వభావమును బరీక్షించిన యాధునికుల యనుభవమునకు సమ్మతమగునా యనునది యిచట విచార్యము. విషయము కేవలము శబ్దకుతూహలమునకుఁ జెందినది కాదు. తల్లి చేతినుండి జాఱిన శిశువును ఎవరి చేతికి నియ్యవలయునను ప్రశ్న దీనితో ముడివడి యున్నది.

ధాత్రీశబ్దము

పెంచు స్త్రీకి సంస్కృతమునఁ బ్రసిద్ధమైన పేరు ధాత్రి. ఉపమాత యనునది మఱియొకటి. తెలుఁగునందలి దాది ధాత్రీశబ్దభవము. పాణిని మూఁడవ యధ్యాయమునఁ గర్మార్థమున ష్ట్రన్ ప్రత్యయమును విధించి ధాత్రీశబ్దమును సాధించెను. కాశికాకారులు రెండు ధాతువులను జూపి రెండర్థములు చెప్పిరి. పానార్థకమగు ధేట్ ధాతువునుండి పుట్టినపుడు స్తన్యమిచ్చు స్త్రీ యనియు, ధారణార్థకమగు డుధాఞ్ ధాతువునుండి పుట్టినపుడు జనులు ఔషధార్థము గ్రహించు ఉసిరిక యనియు వారి వివరణము. అమరసింహుఁడు నానార్థవర్గమున ఉపమాతను, భూమిని, ఉసిరికను ఈ యొక్క శబ్దము క్రిందఁ జేర్చెను.

ఇందుఁ గర్మార్థమునఁ బ్రత్యయము వచ్చుట మిక్కిలి గమనింపఁదగినది. ధేట్ ధాతువునకుఁ ద్రాగుట యర్థము గాని త్రాగించుట యర్థము గాదు. త్రాగువాఁడు శిశువు. కావున నీ క్రియయందు శిశువే కర్త. ఎవతె శిశువుచేఁ ద్రాగఁబడునో యామె కర్మము. లోకమున దాది పెంచునది, శిశువు పెంపఁబడువాఁడు అను తలంపు రూఢమై యున్నది. శబ్దమునందు విషయము తలక్రిందైనది. శిశువు స్వతంత్రుఁడు; ధాత్రి యాతని క్రియకు గుఱి.

త్రాగఁబడునవి పాలు గదా, స్త్రీ యెట్లు త్రాగఁబడునని శంక కలుగవచ్చును. పాలు వేఱు, పాలిచ్చు నామె వేఱు అని విడఁదీయుట పెద్దవారి వివేకము. శిశువునకు ఆ భేదము లేదు. చూపు, వాసన, గొంతు, ఒడివెచ్చన, పాలు అన్నియుఁ జేరి యాతని కొక్క వ్యక్తి యగుచున్నవి. శబ్దము శిశువు పక్షమున నిలిచి వ్యుత్పన్నమైనది. భాగవతమునఁ బూతన చన్నులకు విషము పూసికొని వచ్చినను, శిశువు త్రాగిన కారణముచేత నామెకు ధాత్రికిఁ దగిన గతి లభించెనని మూఁడవ స్కంధమున ఉద్ధవుఁడు విదురునితోఁ జెప్పి భగవంతుని దయకు విస్మితుఁడగును. ఇచ్చునామె తలంపు కంటె, త్రాగిన శిశువు క్రియయే ధాత్రీత్వమునకుఁ గారణమైనదని యీ కథవలనఁ గూడఁ దేలుచున్నది.

తెలుఁగునను మర్యాద యిట్టిదే. పెరుఁగుట శిశువు క్రియ. పెంచుట దానికిఁ బ్రేరణము. ప్రేరణమందుఁ బ్రయోజకకర్త వేఱు, ప్రయోజ్యకర్త వేఱు. పెంచు స్త్రీ ప్రయోజకురాలు. అంతమాత్రమునఁ బెరుఁగు శిశువు కర్తృత్వము పోదు. కుండను జేయుదురు గాని పెంపరు. మొక్కను బెంతురు గాని చేయరు. తనంతఁ బెరుఁగు శక్తి గలదానినే పెంపవచ్చును.

పోషణమునకుఁ జెందిన మఱియొక ధాతువు డుభృఞ్. దీనికి ధాతుపాఠము ధారణమును, పోషణమును రెండర్థములుగాఁ జెప్పుచున్నది. ధారణమనఁగా మోయుట, ఎత్తుకొనుట. పోషణమనఁగా అన్నాదులచేఁ బెంచుట. ఈ రెంటిని నొక్క ధాతువునందే నిలిపిన పూర్వుల దృష్టి సూక్ష్మమైనది. ఆయుర్వేదాష్టాంగములలో శిశువులకుఁ జెందిన యంగమునకుఁ గౌమారభృత్యమని పేరు. 1938 లో అచ్చువడిన కాశ్యపసంహిత యా యంగమునకుఁ జెందిన గ్రంథమే. చరకుఁడు శారీరస్థానమున ఎనిమిదవ యధ్యాయమున ధాత్రిని ఎన్నుకొను విధమును జెప్పుచు, వయస్సు, ఆరోగ్యము, స్తన్యసమృద్ధి మున్నగు గుణముల నడుమ వాత్సల్యమును గూడ లెక్కించెను. వైద్యుఁడు వాత్సల్యమును బాలతో నొక్క పంక్తిని గూర్చుండఁబెట్టుట అలంకారముకొఱకు గాదు.

భరతశబ్దము నీ ధాతువునుండి పుట్టినదే. శకుంతల కొడుకును దోడ్కొని సభకు వచ్చినపుడు దుష్యంతుఁడు తెలియనట్లు నటించెను. అపుడు అశరీరవాణి పుత్రుని భరింపుమని యాజ్ఞాపించెను. ఆ భరణముచేతనే బాలునకు భరతుఁడను పేరు కలిగినదని యాదిపర్వము చెప్పుచున్నది. దుష్యంతుఁడు జనకుఁడగుటలో సందేహము లేదు. అయినను జనకత్వము చాలలేదు. భరించినపుడే బాలునకుఁ బేరును రాజ్యమును గలిగినవి. కన్నవానికిని బెంపక తప్పదని యర్థము.

రక్షణము, పోషణము

ఆదిపర్వముననే మేనక రెండుమాఱులు బిడ్డను విడిచిపోయినది. విశ్వామిత్రునివలనఁ గన్న బిడ్డను మాలినీతీరమున విడిచెను. విశ్వావసువను గంధర్వునివలనఁ గన్న బిడ్డను స్థూలకేశుఁడను మునియాశ్రమమునకు దాపున నదీతీరమున విడిచెను. మొదటి బిడ్డ శకుంతల. రెండవ బిడ్డ రురుని భార్య యైన ప్రమద్వర. స్థూలకేశుఁడు కరుణచే బిడ్డ నెత్తికొని జాతకర్మాదులు జరిపి, పేరు పెట్టి పెంచెను. నన్నయభట్టు తెలుఁగు చేసిన కథలే యివి రెండును.

శకుంతలకథయందొక విశేషము కలదు. నిర్జనారణ్యమున మృగములు హింసింపకుండునట్లు శకుంతములు, అనఁగాఁ బక్షులు, బిడ్డను జుట్టుకొని కాచినవి. స్నానార్థమై వచ్చిన కణ్వుఁడు చూచి, తెచ్చి, కూఁతురుగాఁ జేసికొనెను. పక్షుల యుపకారమును మఱవక దానినే పేరుగా నుంచెను. శరీరమిచ్చినవాఁడు, ప్రాణము నిలిపినవాఁడు, అన్నము పెట్టినవాఁడు అని తండ్రులు మువ్వురని యాతఁడు వేఱొక మునితోఁ జెప్పిన మాటను శకుంతల విని, దుష్యంతునకుఁ జెప్పుచున్నది.

ఈ కథయందుఁ బక్షుల పనికిని గణ్వుని పనికిని గల భేదమును వ్యాఖ్యాతలు తగినంత పరిశీలింపలేదు. పక్షులు రక్షించినవి, పెంపలేదు. అవి లేకున్న శిశువు బ్రదుకదు. అవి మాత్రమే యున్నచో శిశువు శకుంతల కాదు. రక్షణమనఁగా హానిని దొలఁగించుట. పోషణమనఁగా శిశువు చూచినపుడు మాఱుచూచుట, ఏడ్చినపుడు ఎత్తుకొనుట, పేరుపెట్టి పిలుచుట. మొదటిదానికిఁ గాపరి చాలును. రెండవదానికి నొక వ్యక్తి కావలయును.

పక్షులు కాచిన దశయందే నిలిచిపోయిన శిశువులు గత శతాబ్దమునఁ బెక్కుమంది యుండిరి. 1945 లో రెనే స్పిట్జ్ అను వైద్యుఁడు రెండు శిశుగృహములను బోల్చి చూచి తన పరిశోధనమును బ్రకటించెను. ఒకటి విడువఁబడిన శిశువుల గృహము. అందు శుభ్రతకుఁ గాని యాహారమునకుఁ గాని వైద్యమునకుఁ గాని కొఱఁత లేదు. కాని యొక్కొక్క దాది పలువురు శిశువులను జూడవలసి యుండుటచేఁ బసివారికి ఒడి దుర్లభమయ్యెను. రెండవది చెఱసాలకుఁ జేరిన శిశుగృహము. అందుఁ జెఱలోనున్న తల్లులే తమ బిడ్డలను బెంచుచుండిరి. మొదటి గృహమున రెండేండ్లలో మూఁడవవంతుకు మించిన శిశువులు మరణించిరి. బ్రదికినవారు నడకయందును మాటయందును వెనుకఁబడిరి. చెఱలోని బిడ్డలు చక్కఁగఁ బెరిఁగిరి. పిమ్మట 1951 లో జాన్ బౌల్బీ ప్రపంచారోగ్యసంస్థకొఱకు వ్రాసిన గ్రంథమున, శిశువునకుఁ దల్లితోఁ గాని తల్లిస్థానమున స్థిరముగా నుండు వేఱొకరితోఁ గాని వెచ్చని యెడతెగని సంబంధము మనోరోగ్యమునకు ఆవశ్యకమని ప్రతిపాదించెను.

రెండు గృహములకును బెక్కు భేదములుండవచ్చును గావున స్పిట్జ్ పోలిక నిర్ణాయకము కాదని శంకించినవారు గలరు. శంక న్యాయమైనదే. దానికిఁ బరిహారము రొమేనియా దేశమున దొరకినది. 1989 లో చౌషెస్కు ప్రభుత్వము కూలఁగా, ఆ దేశమున లక్షకు మించిన పిల్లలు ప్రభుత్వాశ్రమములయందుండుట లోకమునకు వెల్లడి యయ్యెను. 2000 ప్రాంతమున చార్లెస్ నెల్సన్, నాథన్ ఫాక్స్, చార్లెస్ జీనా యను శాస్త్రజ్ఞులు బుకారెస్టు నగరమందలి ఆఱు శిశ్వాశ్రమములనుండి 136 మంది శిశువులను బరీక్షకుఁ దీసికొనిరి. వారి వయస్సు 6 నెలలు మొదలు 31 నెలలవఱకు. ఎవరి యిష్టమునకును దావీయక, చీట్లు వేసినరీతిగా వారిని రెండు సమభాగములు చేసి, 68 మందిని శిక్షణ పొందిన పెంపుడు తల్లిదండ్రుల యిండ్లకుఁ జేర్చిరి. తక్కిన 68 మందికి మునుపటి యేర్పాటులే కొనసాగినవి. 2007 లోఁ బ్రకటితమైన ఫలితములఁబట్టి, ఇండ్లు చేరిన శిశువుల బుద్ధివికాసము ఆశ్రమశిశువుల వికాసముకంటె నధికమయ్యెను. రెండేండ్లు నిండకమున్నే యిల్లు చేరినవారికి మేలు మఱియు నధికమయ్యెను. ఒకరిని నమ్మి యంటిపెట్టుకొను స్వభావము గూడ నిండ్లలోని శిశువులకే యెక్కువగాఁ గుదిరెను. కొన్ని లోపములు మాత్రము పెంపకముచేతను బూర్తిగ మానలేదు. 2004 నాఁటి రొమేనియా శాసనము, తీవ్రమైన వైకల్యము గలవారిని దప్ప, రెండేండ్లలోపు శిశువులను ఆశ్రమములయందుంచుటను నిషేధించెను.

దీనివలనఁ దేలినదేమి? అన్నము, శయ్య, ఔషధము శిశువునకుఁ జాలవు. శిశువు కర్త. కర్తకుఁ గర్మము కావలయును. ఆతని చూపునకు ఎదురుచూపు, ఏడ్పునకు ఉత్తరము, చాఁచిన చేతికి మెడ కావలయును. అవి దొరకనిచోఁ గ్రియ నిష్ఫలమై, కొంతకాలమునకుఁ గర్తయే క్రియను మానుకొనును. ఏడ్చినను రానివారికొఱకు శిశువు ఎంతకాలమని యేడ్చును? ఆశ్రమములయందలి నిశ్శబ్దము శాంతి కాదు. ధాత్రీశబ్దమునందుఁ గర్మార్థప్రత్యయము చెప్పిన విషయమే యిచట వేఱొక మార్గమున సిద్ధించినది.

మాంధాత, షాణ్మాతురుఁడు

మాంధాతృకథ ఈ ధేట్ ధాతువుమీఁదనే నిలిచి యున్నది. యువనాశ్వుఁడు మంత్రజలమును ద్రావి గర్భమును ధరించెను. శిశువు తండ్రి పార్శ్వమును భేదించికొని పుట్టెను. తల్లి లేని శిశువు ఎవరిని ద్రాగునని దేవతలు చింతింపఁగా, ఇంద్రుఁడు తన్నే త్రాగునని చెప్పి చూపుడువ్రేలు నోటఁ బెట్టెను. ఆ మాటయే పేరైనది. ఏమి త్రాగునని గాక, ఎవరిని ద్రాగునని యిచట విచారము జరిగినది. పాలు లేని పురుషుఁడు సైతము, తన్నుఁ దాను గర్మముగా నొసఁగి ధాత్రీస్థానమును బొందెను. పెంపకము స్త్రీలకే చెల్లునని వాదించువారికిఁ గణ్వ స్థూలకేశులతోపాటు నింద్రుఁడును సమాధానము.

కుమారస్వామికిఁ గృత్తికలార్గురు పాలిచ్చిరి. దేవతలు నియోగింపఁగా వారు, ఈతఁడు మాయందఱకును బుత్రుఁడు కావలయునని నిశ్చయించుకొని పాలిచ్చిరని రామాయణ బాలకాండము. అందుచేత నాతఁడు కార్తికేయుఁడు. ఆర్గురు తల్లులు గలవాఁడగుటచే షాణ్మాతురుఁడు. ఈ రెండవ పదమును సాధించుటకుఁ బాణిని ప్రత్యేకముగా నొక సూత్రమునే చేసెను. సంఖ్యావాచకము ముందున్న మాతృశబ్దమునకు అపత్యార్థమున ఉకారాదేశమును విధించునది యా సూత్రము. తల్లి యొక్కతెయే కావలయునని శాస్త్రమునకుఁ బట్టు లేదని దీనివలన స్పష్టము.

ఇచట నొక యాక్షేపము రావచ్చును. ఆర్గురు దాదులు పెంచిన కుమారస్వామి దేవసేనాని యయ్యెను గదా. ఆశ్రమమున నార్గురు దాదులు మాఱిమాఱి చూచిన శిశువు ఏల క్షీణించునని. సమాధానము కథయందే కలదు. కుమారుఁడు ఆర్గురకొఱకు ఆఱు మొగములు దాల్చెను. ఒక్కొక్క తల్లికి నొక్కొక్క మొగము. ఎవ్వరిని విడువలేదు, ఎవ్వరును విడువలేదు. సామాన్యశిశువునకు మొగ మొకటియే. వేళను బట్టి మాఱు దాదులలో నెవ్వరికి దానిని జూపవలయునో యాతఁడెఱుఁగఁడు. తల్లులు పెక్కండ్రైనను బాధ లేదు. ప్రతి తల్లియు నాతఁడు నావాఁడని నిశ్చయించుకొనుట కావలయును. కృత్తికలు పాలిచ్చుటకుమున్నే ఆ నిశ్చయము చేసికొనిరి.

రాధేయుఁడు

ఇఁక నారంభమునఁ జెప్పిన కర్ణవిషయము. ఆంధ్రభారతమునఁ గర్ణచరిత్ర మువ్వురు కవుల చేతులలో నడచినది. అస్త్రవిద్యారంగము నన్నయ భాగము. పెట్టెలో నుంచిన శిశువు నదులవెంట తేలిపోయి చంపాపురముకడ దొరకిన కథ అరణ్యపర్వశేషమునఁ జేరి యెఱ్ఱన చేతఁ బడినది. కృష్ణునితోడను గుంతితోడను గర్ణుని సంభాషణములు తిక్కన భాగము. మువ్వురకును వ్యాసుఁడు మూలము గావున నిచట మూలమునుబట్టియే విచారము.

రాధకు సంతానము లేదు. గంగలోఁ దేలి వచ్చిన పెట్టెను దెఱపించి, అందలి శిశువును అధిరథుఁడు రాధ చేతికిచ్చెను. ఉద్యోగపర్వమునఁ గృష్ణుఁడు కర్ణుని జన్మరహస్యమును దెలిపి, కన్యకు బుట్టిన కుమారుఁడు ఆమెను బెండ్లాడినవానికే చెందునను శాస్త్రమును జూపి పాండవులలోఁ జేరుమనెను. కర్ణుఁడు శాస్త్రమును గాదనలేదు. తాను కుంతికిఁ బుట్టుటయు నొప్పుకొనెను. పిమ్మట నాతఁడు చెప్పిన కారణములు చూడఁదగినవి. తన్నుఁ జూచిన తోడనే ప్రేమచేత రాధకుఁ బాలు వచ్చినవనియు, తన మలమూత్రముల నామె చేతులతో నెత్తెననియు, అట్టి యామెకుఁ బిండము లేకుండఁ జేయుట తనవంటివానికెట్లు తగుననియు నాతఁడు పలికెను. జాతకర్మము జరిపించినవాఁడును, వసుషేణుఁడని పేరు పెట్టించినవాఁడును, పెండ్లిండ్లు చేసినవాఁడును అధిరథుఁడే యని తరువాతఁ జెప్పెను. రాజ్యము, కీర్తి, భ్రాతలు ఒకవైపు. మలమూత్రములెత్తిన చేతులు రెండవవైపు. మహావీరుని నోట నీ మాట పలికించుటకు వ్యాసుఁడు సంకోచింపలేదు. పెంపకమనఁగా నేమో యింత సూటిగాఁ జెప్పిన వాక్యము వాఙ్మయమున దుర్లభము.

ప్రసవింపని స్త్రీకిఁ బాలు వచ్చుట కవి యతిశయోక్తి యనువారు గలరు. శిశువు మాటిమాటికిఁ జన్ను గుడుచుటచేతఁ బ్రసవము లేకయే పాలు పుట్టింపవచ్చునని వైద్యులెఱుఁగుదురు. చూచిన తోడనే వచ్చినవనుట మాత్రమే కావ్యమార్గము. మూలభూతమైన విషయము సత్యమే. శిశువు క్రియయే స్త్రీని ధాత్రిగాఁ జేయును.

పిమ్మట గంగాతీరమున వివాదము శబ్దరూపమును దాల్చినది. కర్ణుఁడు జపము చాలించి కుంతిని జూచి, రాధకును అధిరథునకును బుత్రుఁడనని తన్నుఁ జెప్పికొని నమస్కరించెను. కుంతి, నీవు కౌంతేయుఁడవు, రాధేయుఁడవు గావు అని ప్రత్యుత్తరమిచ్చెను. వాదము రెండు తద్ధితరూపముల నడుమ నిలిచినది. ఈ రెంటిలో శాస్త్రమునకు సమ్మతమైనదేది?

స్త్రీప్రత్యయాంతములగు శబ్దములమీఁద అపత్యార్థమున ఢక్ ప్రత్యయము వచ్చునని పాణిని సామాన్యవిధి. స్త్రీల పేళ్లయెడ దీనికి నొక యపవాదమును, రెండచ్చులు గల శబ్దముల విషయమున మరల ఢక్ ప్రత్యయమును విధించెను. కుంతీశబ్దమున రెండచ్చులు. రాధాశబ్దమున రెండచ్చులు. కౌంతేయ రాధేయ రూపములు రెండును ఒక్క ప్రత్యయముచేతనే సిద్ధించినవి. కన్నదానికొక ప్రత్యయము, పెంచినదానికి వేఱొక ప్రత్యయము శాస్త్రమున లేదు. రూపములలోఁ దారతమ్యము లేదు.

రూపము సిద్ధించినను అర్థము సిద్ధింపవలదా, అపత్యమనఁగాఁ గడుపునఁ బుట్టినవాఁడే కదా యని పూర్వపక్షము. దీనికి బలమైన యాధారము గూడఁ గలదు. యాస్కుఁడు నిరుక్తమున మూఁడవ యధ్యాయమున అపత్యశబ్దమును నిర్వచించిన చోటనే, ఋగ్వేదమున ఏడవ మండలమందలి మంత్రములనుదాహరించెను. అన్యునకుఁ బుట్టినవాఁడు తన సంతానము కాఁడనియు, వానిని మనసున నైనను దనవానిగాఁ దలఁపరాదనియు నా మంత్రముల భావము. ఈ ప్రమాణమును దాఁటిపోవుట న్యాయము గాదు.

సమాధానమిది. ఆ మంత్రములు సంతానమును గోరువాని ప్రార్థనములు. వంశము నిలుపుకొనఁగోరు పెద్దవాని పక్షమున నవి పలుకుచున్నవి. శిశువు పక్షమునఁ బలుకుటలేదు. నాకెట్టి పుత్రుఁడు కావలయునను ప్రశ్న వేఱు; ఈ శిశువునకుఁ దల్లి యెవరను ప్రశ్న వేఱు. మఱియు నాచటనే యాస్కుఁడు అపత్యమునకు, ఎవనివలనఁ బితరులు పతితులు గారో యాతఁడని నిర్వచనము చెప్పెను. ఈ నిర్వచనమునఁ బుట్టుకకుఁ బ్రసక్తి లేదు. పతనమునుండి కాపాడుటకే ప్రసక్తి. రాధకుఁ బిండము లేకుండఁ జేయఁజాలనని కర్ణుఁడన్నమాట యీ నిర్వచనమునకు సరిగాఁ జెల్లుచున్నది. కర్ణుఁడు వైయాకరణుఁడు గాకపోవచ్చును. ఆతఁడు చూపిన హేతువు మాత్రము నైరుక్తుల హేతువే. కావున రాధేయశబ్దము గౌణము గాదు.

కుంతి వాక్యమునందు మఱియొక విశేషము గలదు. ఆమె పుట్టునపుడు పృథ. తండ్రి యగు శూరుఁడు ఆమెను సంతానము లేని కుంతిభోజునకిచ్చెను. కుంతి యను పేరు పెంచినయింటి పేరు. రాధేయుఁడవు గావని చెప్పుటకు నామె యెన్నుకొనిన కౌంతేయశబ్దము తానే పెంపకమునుండి పుట్టినది. పెంపకమును నిరాకరించుటకుఁ బెంపకమే సాక్ష్యమిచ్చెను. వ్యాసుఁడు దీనిని వ్యాఖ్యానింపలేదు. శబ్దమును మాత్రము నిలిపెను.

ఇఁకఁ గర్ణుఁడు పెంపకముచేతనే చెడెనను వాదము నిలుచునా? రంగభూమిని అంగరాజ్యాభిషేకమైన తోడనే, వణఁకుచు వచ్చిన ముదుసలి యధిరథుని జూచి, కర్ణుఁడు విల్లు విడిచి, అభిషేకజలముతోఁ దడిసిన తలను వంచి మ్రొక్కెను. అధిరథుఁడు కౌఁగిలించుకొని యా తలను గన్నీటితో మరలఁ దడిపెను. భీముఁడు నవ్వినది దీనిని జూచియే. నవ్వు భీముని దోషము. మ్రొక్కు పెంపకము ఫలము. సూతపుత్రుఁడని శత్రువులు పలికిన నిందకును, రాధేయుఁడని తాను చెప్పికొనిన పేరునకును గల భేదమును బాఠములయందుఁ జూపకపోవుట గొప్పలోపము.

అట్లని కర్ణునకు గాయము లేదనరాదు. కుంతితోఁ బలుకునపుడు, శత్రువైనను దనకింతకంటెఁ గీడు చేయఁజాలఁడని యాతఁడు నిష్ఠురముగఁ జెప్పెను. విడువఁబడిన బాధ రాధ యొడిలో మానినది గాని గుఱుతు పోలేదు. బుకారెస్టు శిశువుల విషయమునను నిట్లే కదా. పెంపకము గాయమును మాన్పును. గాయము పడనట్లు చేయఁజాలదు. ఈ పరిమితిని గుర్తింపక పెంపకమును నిందించుట, మందు ఇచ్చినవానిని రోగమునకుఁ గారణము చేయుట.

యశోద

రాధకుఁ బెంపకము జీవితాంతము నిలిచినది. యశోదకు నిలువలేదు. దత్తతకును బెంపక సంరక్షణమునకును గల భేదమిదియే. దత్తతయందు శిశువు శాశ్వతముగా నా యింటివాఁడగును. రెండవదానియందుఁ గొంతకాలము పెంచి, కన్నవారు కుదుటఁబడినపుడు మరల నొప్పగింపవలసి రావచ్చును. భారతదేశమున 2015 నాఁటి బాలన్యాయశాసనము ఈ రెండు మార్గములను వేఱువేఱుగా నేర్పఱచినది. ఒప్పగింపవలసిన బిడ్డను బ్రేమింపనేల యని సందేహించువారు పెక్కండ్రు. ఎడఁబాటు దుఃఖమునకు వెఱచి ప్రేమను గొలిచి యిచ్చినచో శిశువునకు దక్కునది పక్షుల కాపుమాత్రమే. యశోద కొలిచి యీయలేదు. కృష్ణుఁడు మథురకుఁ బోయెను, మరల వ్రేపల్లెకుఁ గాపురము రాలేదు. ఉద్ధవుని బంపెను. ఆ యుద్ధవునియెదుట నందుఁడు కృష్ణుని తలఁచి పలుకుచుండఁగా యశోద కన్నీరు కార్చెనని దశమస్కంధము. పెంచినందులకు వచ్చిన ఫలము కన్నీరా యని యడుగవచ్చును.

ఉత్తరము ఆ స్కంధముననే కలదు. సూర్యగ్రహణసమయమున శ్యమంతపంచకమున యాదవులును వ్రేపల్లెవారును గలిసికొనిరి. దేవకియు రోహిణియు యశోదను గౌఁగిలించుకొని, కన్నవారిని గన్నులఁ జూడని యీ బిడ్డలను, ఱెప్పలు కన్నులను గాచినట్లు మీరు కాచి పెంచితిరని, ఆ ఋణము తీఱునది కాదని కన్నీటితోఁ బలికిరి. కన్నతల్లి పెంచినతల్లిని గౌఁగిలించుకొనిన ఘట్టమిది. గంగాతీరమునఁ గుంతి చేయలేకపోయిన పనిని దేవకి యిచటఁ జేసినది. కుంతి, రాధేయుఁడవు గావని యొక శబ్దమును ద్రోసివేసి కొడుకును బోఁగొట్టుకొనెను. దేవకి రెండు మాతృత్వములకును జోటిచ్చెను. కొడుకు నిరువురకును దక్కెను.

ఱెప్పకును గంటికిని గల సంబంధము పుట్టుకచేత వచ్చినది కాదని తార్కికులు చెప్పఁజాలరు. అది క్షణక్షణమును గాచుటచేత నిలుచు సంబంధమని మాత్రము చెప్పవచ్చును. పాఠశాలలయందు రాధేయశబ్దమునకు రాధ పెంచినవాఁడని మాత్రమర్థము చెప్పి విడుచుట చాలదు. రాధకు అపత్యము, అందువలనఁ గౌంతేయశబ్దముతో సమానబలము గలది యని చెప్పవలయును. ఆ పాఠమును వినుచున్న బాలురలోఁ బెంచినతల్లి యొడిఁ బెరుఁగుచున్నవాఁడొక్కఁడైన నుండవచ్చును. వాఁడు తన్నుఁ గూర్చి యేమనుకొనవలయునో యా యర్థమువలన నిర్ణయమగును.